టెన్‌పిన్ బౌలింగ్ మనంతట మనమే – 4వ పాఠం: పది పిన్నుల్లో బంతి తాకేది నాలుగే

పోయిన పాఠంతో పట్టు, నాలుగడుగుల నడక కుదిరాయి. బంతి తిన్నగా పోతోంది, అన్నిటికంటే ముందున్న 1వ పిన్నును నడినెత్తిన కొడుతోంది, అయినా చెరో పక్కా పిన్నులు నిలబడే ఉంటున్నాయి. ఈ పాఠం దాని గురించే. కుడిచేతివాళ్లకు చెబుతున్నాను, ఎడమచేతివాళ్లు పక్కలు మార్చుకోండి.

1895 సెప్టెంబరు 9న న్యూయార్క్‌లోని బీథోవెన్ హాలులో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడింది. అంతకుముందు ఊరికో కొలత, ఊరికో నియమం. ఫౌల్ లైను (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి 1వ పిన్నుకు 60 అడుగులు, పిన్నుకూ పిన్నుకూ 12 అంగుళాలు అన్న కొలతలు ఆ సంస్థ చలవతోనే అంతటా స్థిరపడ్డాయి. ఇప్పుడు లెక్క చూడండి. పిన్నులు త్రికోణంలో నిలబడతాయి: ముందు 1, దాని వెనక ఎడమనుంచి 2–3, ఆ వెనక 4–5–6, చివర 7–8–9–10. వెనక వరసలో 7 నుంచి 10కి మూడడుగుల వెడల్పు. బంతి అడ్డుకొలత ఎనిమిదిన్నర అంగుళాలే. అన్నింటినీ అదే పడగొట్టలేదు, పిన్ను చేత పిన్నును కొట్టించాలి.

మేలైన స్ట్రైక్‌లో, అంటే మొదటి బంతికే పదీ పడినప్పుడు, బంతి తాకేది 1, 3, 5, 9 పిన్నులనే. 1 పోయి 2ను, 2 పోయి 4ను, 4 పోయి 7ను పడేస్తాయి. 3 వల్ల 6, 6 వల్ల 10 పడతాయి. 5 వెళ్లి 8ని కొడుతుంది. ఈ గొలుసు తెగకూడదంటే బంతి 1కీ 3కీ మధ్య సందులోకి, అంటే పాకెట్‌లోకి, సుమారు 6 డిగ్రీల వాలుతో దూరాలి. లేన్‌లో, అంటే బంతి దొర్లే బాటలో, పక్కపక్కనే 39 సన్నటి పలకలు, అంటే బోర్డులు, ఉంటాయి. 1వ పిన్ను 20వ బోర్డు మీద ఉంటే, పాకెట్ కుడినుంచి 17, 18 బోర్డుల మధ్య ఉంటుంది. తిన్నటి బంతిని కుడి గట్టర్ (లేన్ పక్క కాలువ) అంచునుంచి వేసినా వాలు ఒకటిన్నర డిగ్రీ దాటదు. అందుకే హుక్, అంటే చివర్లో లోపలికి మలుపు తిరిగే బంతి, కావాలి.

హుక్‌కు మణికట్టు మెలితిప్పకండి, కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అదే. వదిలేటప్పుడు బొటనవేలు గడియారంలో 10 అంకె వైపు చూడాలి. అది ముందు బయటికొస్తుంది, ఆ వెంటనే మిగతా రెండు వేళ్లు బంతిని పక్కగా పైకి లాగుతాయి. చెయ్యి కరచాలనానికి చాచినట్టు ముగియాలి. చూపు పిన్నుల మీద కాదు, సుమారు 15 అడుగుల దూరంలో, లేన్ మీది బాణం గుర్తుల్లో 10వ బోర్డు మీదున్న రెండో బాణం మీద ఉంచండి.

ఎంత మలుపు వస్తుందన్నది మీ ఒక్కరి చేతిలోనే లేదు. లేన్ మీద పూసే నూనె, బంతి పైపొర కూడా తేలుస్తాయి. 1973లో అమెరికన్ బౌలర్ డాన్ మెక్యూన్ ప్లాస్టిక్ బంతి పైపొరను రసాయనంలో నానబెట్టి మెత్తబరిచి, లేన్‌ను పట్టుకునేలా చేసి, ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచాడు. తర్వాత బంతి గట్టిదనానికి నియమం వచ్చింది. 1982 జూలై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ అలిసన్ వరసగా 36 స్ట్రైక్‌లు వేసి మూడు ఆటల్లో 900, అంటే సాధ్యమైనంత గరిష్ఠ స్కోరు, చేశాడు. లేన్ మీద నూనె నిబంధనకు సరిపోలేదని బౌలింగ్ కాంగ్రెస్ దాన్ని గుర్తించలేదు. ఆ చేతి నిలకడను మాత్రం ఏ నియమమూ తీసిపారేయలేదని నా నమ్మకం.

తప్పు ఎక్కడుందో మిగిలిన పిన్నులే చెబుతాయి. 4–6, లేదా 4–6–7–10 మిగిలితే బంతి 1ని నిండుగా కొట్టింది. బాణం మార్చకుండా పాదాలను రెండు బోర్డులు ఎడమకు జరపండి. అప్పుడు బంతి ఇంకాస్త కుడికి పోయి, ఆలస్యంగా తిరిగొస్తుంది. 2–4–5–8 మిగిలితే పాకెట్ పలచగా తగిలింది, రెండు బోర్డులు కుడికి జరగండి. పాకెట్ సరిగ్గా తగిలినా 10 ఒక్కటే నిలిస్తే, 6 దాని మెడ చుట్టూ తిరిగిపోయిందన్నమాట. ముందు బంతి వేగం చూసుకోండి. 7–10 మిగిలితే బాధపడకండి, టీవీ ఆటలో దాన్ని మొదట తీసింది 1980లో బౌలర్ మార్క్ రాత్.

చూసి నేర్చుకోవడానికి రాత్ బలమైన మలుపుకంటే ఎర్ల్ ఆంథోనీ ఆట మేలు. 1975లో ఒకే సీజన్‌లో సంపాదన లక్ష డాలర్లు దాటిన తొలి ఆటగాడు ఆయనే. బంతి విడుపు మృదువుగా, ప్రతిసారీ ఒకేలా ఉండేది.

ఈ వారం సాధన: రెండో బాణం మీదుగా 30 బంతులు. పడిన పిన్నులు లెక్కపెట్టొద్దు, బంతి ఏ బోర్డు మీదుగా దాటిందో రాసుకోండి. ముప్పైలో 20 సార్లు 9–11 మధ్య దాటితే 5వ పాఠానికి రండి, అందులో 10వ పిన్ను స్పేర్, అంటే మిగిలిన దాన్ని రెండో బంతితో పడేయడం.