పిల్లర్లు లేని ఇల్లా? ఈ వానాకాలం గోడ జోలికి వెళ్లకండి

పోయిన వారం మా పక్క వీధిలో ఒక పాత మేడ ముందు గది కూలింది. కొట్టుకి షట్టరు పెడదామని వీధివైపు గోడ 8 అడుగుల మేర పడగొట్టి, స్లాబు కింద రెండు సర్వీ బాదులు నిలబెట్టి, మిగతాది పొద్దున చూద్దామని వెళ్లిపోయారు. రాత్రి వాన పడింది. దేవుడి దయ, లోపల ఎవరూ పడుకోలేదు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

డాబా మీద తూములు శుభ్రం చేయించడం లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే: పిల్లర్లు లేని ఇంట్లో గోడే పిల్లరు. 10 బై 12 గది మీద 5 అంగుళాల స్లాబు ఒక్కటే దాదాపు మూడున్నర టన్నులుంటుంది, ఆపైన ఇంకో అంతస్తు, ట్యాంకులో టన్ను బరువుండే వెయ్యి లీటర్ల నీళ్లు, అన్నీ ఆ 9 అంగుళాల గోడల మీదుగానే పునాదిలోకి దిగాలి. కొంత గోడ తీసేస్తే ఆ బరువంతా మిగిలిన ముక్క మీద పడుతుంది. అది మట్టితో కట్టిన గోడైతే తడిసేకొద్దీ ఇంకా నీరసపడుతుంది. ఇన్నేళ్లు నిలబడిన ఇల్లే కదా అంటారు. ఆ గోడ ఉండబట్టే నిలబడింది!

"నాలుగున్నర అంగుళాల గోడే, బరువు మోయని పార్టిషన్" అని మేస్త్రి అంటాడు. చాలా ఇళ్లలో అది నిజమే. అయినా పైకెక్కి చూడండి, సరిగ్గా దాని నెత్తిన ఇంకో గోడ ఉందేమో. స్లాబు దాని మీద ఆనిందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. తీయక తప్పదంటే ముందు గోడకి రెండు వైపులా స్లాబుని మోసే ఇనుప జాకీలు, తర్వాత బీము, దాని రెండు చివరలకీ గట్టి ఆనిక. ఆ తర్వాతే కింద ఇటుక కదపాలి. ఈ వరుస తిరగబడితే ఇల్లు ఉండదు.

వైరింగ్ గాడి గోడకి అడ్డంగా లోతుగా కొట్టనివ్వకండి. ఇటుక గోడలకి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 1905 కోడ్ ప్రకారం అడ్డగాడి లోతు గోడ మందంలో ఆరో వంతు దాటకూడదు, అంటే 9 అంగుళాల గోడకి అంగుళంన్నర.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తే పుట్టీ పెట్టి రంగేయకండి. పగులుకి అడ్డంగా చిన్న గాజు ముక్క సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతోంది.

నిన్నటిదాకా సరిగ్గా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేస్తే వానకి ఉబ్బిందని వదిలేయకండి, ద్వారబంధం పైన పగులుందేమో చూడండి.

పునాది పక్కన సంపు తవ్వొద్దు.

నాలుగున్నర అంగుళాల గోడ మీద స్లాబు వేయొద్దు.

ప్రహరీకి ఆనించి ఇసుక, కంకర పోయొద్దు. ఒరిగిన ప్రహరీ పక్కన పిల్లల్ని ఆడుకోనివ్వద్దు.

పెచ్చులు రాలుతూ టకటకమని చప్పుడొస్తుంటే బయటికి రండి, బీరువా కోసం మళ్లీ లోపలికి పోవద్దు.

గోడ కొట్టొద్దు. రేపు మేస్త్రి సుత్తి పట్టుకుని వచ్చినా సరే, ఇంజనీరు చూసేదాకా ఆగమని తిప్పి పంపండి.