డింగీ కొనేటప్పుడు మోటారు బలం కంటే ముందు చూడాల్సింది

2013 మే నెలలో ఇంగ్లండ్‌లోని పాడ్‌స్టో దగ్గర ఒక మోటారు పడవలోంచి కుటుంబం మొత్తం, ఆరుగురూ, నీళ్లలో పడిపోయారు. మనుషులు లేని పడవ ఆగకుండా గుండ్రంగా తిరుగుతూ వాళ్ల మీదికే వచ్చింది. ఇద్దరు చనిపోయారు. నడిపేవారికి కిల్ కార్డ్, అంటే మనిషి పడిపోతే మోటారును ఆపేసే తాడు, తగిలించి లేదు. ఇలాంటి వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

నెలల తరబడి పెద్ద పడవలో సముద్రం మీద ఉండబోయేవారికి డింగీయే, అంటే ఒడ్డుకు వెళ్లి వచ్చే గాలి నింపిన చిన్న పడవే, రోజువారీ వాహనం. ఎండ తీవ్రంగా ఉండే చోట పీవీసీ త్వరగా పాడవుతుంది, అతుకులు విడిపోతాయి. ఖరీదెక్కువైనా హైపలాన్ అనే రబ్బరు గుడ్డతో చేసిందే మేలు. అడుగుభాగం అల్యూమినియందైతే గులకరాళ్ల ఒడ్డుకు లాగినా చిరగదు. 15 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు బరువు దాదాపు 50 కిలోలు. దాన్ని రోజూ పెద్ద పడవ మీదికి ఎత్తడానికి కప్పీ లేకపోతే చిన్నది కొనండి. పడవ మీద రాసిన హార్స్‌పవర్ పరిమితిని మాత్రం దాటవద్దు.

ఇక అసలు విషయం. జనం తప్పు చేసేది తుఫానులో కాదు, "ఒడ్డు అక్కడే కదా" అనుకున్నప్పుడు. పక్క పడవ లేపిన ఒక్క అల చాలు, నడిపేవారు ఎగిరి పడటానికి. అప్పుడు మోటారును ఆపగలిగేది ఆ తాడొక్కటే. అమెరికాలో 26 అడుగుల లోపు పడవలు వేగంగా నడిపేవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టం. చట్టం లేనిచోట ప్రొపెల్లర్ జాలి చూపదు.

తాడును తొడకు చుట్టి తగిలించుకోండి. ప్రయాణానికి ముందు ఒకసారి లాగి, మోటారు ఆగుతుందో లేదో చూడండి. రెండో తాడు పడవలోనే ఉండాలి. నడిపేవారు తాడుతో సహా నీళ్లలో పడితే, మిగిలినవారు మోటారు తిప్పి వెనక్కి వెళ్లేది దానితోనే.

గేర్ న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్ట్ చేయండి. పెట్రోలు డబ్బా పడవ బయటపెట్టి నింపండి. ముందు అంచు మీద కాళ్లు వేలాడేసి ఎవరూ కూర్చోకూడదు. ఈదేవారి దగ్గర మోటారు పూర్తిగా ఆపండి. తాడు తగిలించారా? రెండు నిమిషాల దారికైనా సరే, తగిలించండి. చీకటి పడితే తెల్ల దీపం. తెడ్లు, చిన్న లంగరు, చేతి రేడియో ఎప్పుడూ పడవలోనే. పిల్లలకు లైఫ్‌జాకెట్ గురించి బేరాలు వద్దు. రాత్రి డింగీని నీళ్లలో వదలకండి, పైకెత్తి తాళం వేయండి. తెల్లారేసరికి అలలైనా తీసుకుపోతాయి, దొంగలైనా.