విరిగిన పన్ను నొప్పి తగ్గిందంటే నయమైందని కాదు

మాది తెనాలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కత్తెర ఎక్కడుందో వెతుక్కోకుండా దారాన్ని పంటితో తెంపేయడం మా పనిలో చాలామందికి అలవాటు. నాకూ ఉండేది. పోయిన మే నెలలో కొత్తావకాయ కలుపుకుని తింటుంటే కుడివైపు కింది దవడ పన్ను మీద టెంక పడి టక్కుమంది. నాలుకతో తడిమితే పన్నుకు లోపలివైపు గోడ లేదు. ముద్దలోంచి కందిపప్పు బద్దంత ముక్క బయటికొచ్చింది. ఆ పన్నుకు పదేళ్ల కిందట సిమెంటు పెట్టించాను. దాని చుట్టూ మిగిలిన గోడ అంత పల్చబడిందని నాకు తెలియదు.

ఆ రోజు నొప్పి లేదు. జూన్‌లో పది రోజులు నరకం చూశాను, తర్వాత దానంతటదే తగ్గింది. ఆగస్టులో, శ్రావణ శుక్రవారానికి ఇవ్వాల్సిన జాకెట్లు 17 చేతిలో ఉండగా, పొద్దున లేచేసరికి దవడ బూరెలా వాచింది. ఆ మూడు నెలల్లో ఎప్పుడు ఏం చేసి ఉండాల్సిందో డాక్టరుగారు తర్వాత ఒక్కొక్కటిగా చెప్పారు. పన్ను విరిగి, రేపో ఎల్లుండో గానీ డాక్టరు దొరకని వాళ్ల కోసం అదంతా రాస్తున్నాను.

పన్ను విరగగానే గోరువెచ్చని నీళ్లతో నోరు పుక్కిలించండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డ మడిచి పావుగంట కొరికి పట్టుకోండి. ముక్క దొరికితే పారేయకుండా కాసిని పాలల్లో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముందు పన్నయితే ఒక్కోసారి ఆ ముక్కనే అతికిస్తారు. పిల్లలు ఆడుకుంటూ పడి, పన్ను వేరుతో సహా ఊడి వస్తే మాత్రం అక్కడ నిమిషాల లెక్క. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టేయాలి. వీలు కాకపోతే పాలల్లో వేసుకుని అరగంటలోపు డాక్టరు దగ్గరుండాలి. ఇది శాశ్వత పన్నుకే, పాలపన్నును తిరిగి పెట్టకూడదు.

విరిగిన అంచు పదునుగా ఉంటుంది. నాకు రెండో రోజుకే నాలుక పక్కన పుండు పడింది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలి, ఆ మెత్తటి ముద్దను అంచు మీద అద్దుకుంటే తాత్కాలికంగా ఆగుతుంది. పడుకునే ముందు తీసేయండి.

ఇక నొప్పి సంగతి. ఎంత నొప్పి అన్నదానికన్నా ఎలాంటి నొప్పి అన్నది ముఖ్యం. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని, గుక్క మింగగానే పోతే నరం ఇంకా బాగానే ఉన్నట్టు. అప్పుడే వెళ్తే ఫిల్లింగుతోనో క్యాప్‌తోనో సరిపోయే అవకాశం ఎక్కువ. కొరికినప్పుడు కాకుండా, కొరికి వదిలినప్పుడు పోటు వస్తే పన్ను బీటవారిందేమోనని అనుమానించాలి. జూన్‌లో నాకు వచ్చింది ఇంకో రకం. వేడి కాఫీ తాగాక మొదలైన నొప్పి అరగంటైనా పోయేది కాదు. ఏమీ తినకపోయినా వచ్చేది. రాత్రి నడుం వాలిస్తే దవడలో గుండె కొట్టుకుంటున్నట్టు ఒకటే సలుపు. చెవిలోకి, కణతలోకి పాకి, నొప్పి పై పన్నుదో కింది పన్నుదో కూడా చెప్పలేకపోయాను. డాక్టరుగారు దీన్ని ఇలా చెప్పారు: "ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా వాయడానికి చోటుంటుందమ్మా. పంటి నరం ఉన్నది రాతి గదిలో. వాచినా ఎటూ జరగలేదు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ వస్తుంది, లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది." ఈ దశకు వచ్చిన నరం ఇక కోలుకోదు. ఏ ఇంటి వైద్యమూ దాన్ని వెనక్కి తీసుకురాలేదు.

తర్వాత ఒక ఉదయం లేచేసరికి నొప్పి లేదు. ఆంజనేయస్వామి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ మాట చెబితే డాక్టరుగారు, "నొప్పి చెప్పే నరమే చచ్చిపోయిందమ్మా, ఇంక నీకు చెప్పేదెవరు?" అన్నారు. చచ్చిన నరంలో చేరిన క్రిములు వేరు చివర నుంచి ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి. అది వారాల్లో బయటపడొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఈలోగా పన్ను మిగతావాటికన్నా కాస్త ఎత్తయినట్టు, నోరు మూయగానే ముందు అదే తగులుతున్నట్టు ఉంటుంది. చెంచా కాడతో మెల్లగా తడితే తేడా తెలుస్తుంది. నాకు జులైలో చిగురు మీద చిన్న పొక్కు వచ్చింది. అద్దం ముందు చెంప లాగి చూస్తే ఆవగింజంత ఉంది, మధ్యలో తెల్లగా. నాలుకతో నొక్కితే ఉప్పగా, చెడ్డ వాసనతో ఏదో వచ్చేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాను. అది చీము బయటికి వచ్చే దారి. ఆ పొక్కు మూసుకుపోయిన నాలుగు రోజులకే దవడ వాచింది.

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా రాత్రి గడవాలి కదా. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని ఎత్తులో పడుకోండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, విరిగిన వైపు అరనిమిషం నిలిపి ఉమ్మేయండి. తిన్న ప్రతిసారీ చేయండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి చెంప మీద పావుగంట ఉంచి తీసేయండి, కాసేపాగి మళ్లీ పెట్టుకోవచ్చు. వేడి కాపడం పెట్టకండి. వాపు ఉన్నప్పుడు వేడి దాన్ని ఇంకా పెంచవచ్చు.

మాత్రల విషయం జాగ్రత్తగా చదవండి. పెద్దవాళ్లకు పంటి నొప్పికి బాగా పనిచేసేది ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దాంతోపాటు పారాసిటమాల్ 500. ఏదైనా తిన్నాక, ఎనిమిది గంటల ఎడంతో, రోజుకు మూడుసార్లు మించకుండా వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బుకు రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లకూడదు. వాళ్లు డాక్టరును అడిగేదాకా పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవడం మేలు. చాలామంది పొరబడేది ఒకటుంది. కాంబిఫ్లామ్‌లో ఈ రెండు మందులూ కలిసే ఉంటాయి. అది వేసుకుని, చాలలేదని మీద డోలో 650 వేసుకుంటూ పోతే పారాసిటమాల్ మోతాదు తెలియకుండానే పెరిగిపోయి కాలేయానికి ముప్పు వస్తుంది. అట్ట వెనక ఏ మందు ఎంత ఉందో చదివే వేసుకోండి.

లవంగ నూనె పనిచేస్తుంది, దానిలోని యూజెనాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది. దూదికి ఒక్క చుక్క అద్ది, పన్ను మీద మాత్రమే పెట్టాలి. నేను ఆత్రంగా దూది మొత్తం ముంచి పెట్టుకుంటే చిగురు కాలి తెల్లగా పొర లేచింది. ఆస్పిరిన్ బిళ్లను నలిపి చిగురు పక్కన దోపుకున్నా ఇలాగే కాలుతుంది. పొగాకు, సున్నం, సారా లాంటివేవీ ఆ గుంటలో పెట్టకండి. పొక్కును పిన్నీసుతో పొడవకండి.

యాంటీబయోటిక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే. జూన్‌లో మందుల షాపులో పంటి నొప్పి అనగానే అమాక్సిసిలిన్ ఇచ్చారు. వేసుకున్నాను. అదే వారంలో నొప్పి పోయింది కాబట్టి మందే తగ్గించిందని నమ్మాను. మందు రక్తంలో కలిసి వెళ్లాలి. చచ్చిన నరానికి రక్తమే అందదు. కాలువ కట్టేశాక చేలోకి నీళ్లు ఎక్కడివి? క్రిముల గూడు పన్ను లోపల అలాగే ఉంటుంది. అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లోనూ, పంటికి నేరుగా వైద్యం చేయగలిగినప్పుడు ఇలాంటి నొప్పులకు చాలావరకు యాంటీబయోటిక్ వద్దనే ఉందని డాక్టరుగారు చెప్పారు. జ్వరం ఉంటేనో, వాపు పాకుతుంటేనో రాస్తారు. అప్పుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. మెట్రోనిడజోల్ కూడా రాస్తే ఆ రోజుల్లో మద్యం ముట్టకూడదు. మందు అట్ట వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి దీని మీద ప్రచారం చేస్తోంది. నా అట్ట మీద కూడా ఆ గీత ఉంది.

తెల్లారేదాకా కూడా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. వాపు దవడ కింద నుంచి మెడలోకి దిగుతున్నా, కంటి వైపు ఎక్కుతున్నా, నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేకపోతున్నా, నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేచినట్టున్నా, గొంతు మారినా, చలిజ్వరం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. పంటి చీము మెడలోకి దిగి ఊపిరి దారిని మూసేస్తే ప్రాణం పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు చెంప పట్టుకుని కూర్చుంటే "చూద్దాంలే" అనకండి, దయచేసి.

డెంటల్ క్లినిక్‌లో నాకు ముందు చిన్న ఎక్స్‌రే తీశారు. వేరు చివర ఎముకలో నల్లగా, శనగగింజంత మచ్చ కనిపించింది. బీపీ, షుగర్ చూశారు. మీరు వాడే మందులన్నీ, పెన్సిలిన్ పడకపోతే ఆ సంగతి, గర్భం ఉంటే అది, అన్నీ మీరే ముందు చెప్పండి. రక్తం పల్చబడే మందు వాడుతుంటే దాన్ని సొంతంగా ఆపి వెళ్లకండి. చీము ఉన్నచోట మత్తు ఇంజెక్షన్ సరిగ్గా ఎక్కకపోవచ్చు. నాకు రెండోది వేయాల్సి వచ్చింది. నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, ఓర్చుకోనక్కర్లేదు. పన్నుకు పైనుంచి రంధ్రం పడగానే కుళ్లిన వాసన గుప్పుమంది. డాక్టరుగారు దూదితో అద్ది చూపించారు, పసుపుపచ్చటి చీము, రక్తపు చార. దవడకు బిగించిన తాడు ఎవరో విప్పినట్టు ఆ నిమిషంలోనే తేలికైపోయింది. మూడు సిట్టింగుల్లో రూట్ కెనాల్ పూర్తయింది. క్యాప్‌తో కలిపి నాకు తొమ్మిది వేలైంది. అంత పెట్టలేని వాళ్లకు హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటికన్నా తక్కువకు చేస్తారు.

పన్ను చిగురు కిందిదాకా చీలిపోతే పీకించుకోవడమే దారి. పీకాక దూది అరగంట గట్టిగా కొరికి పట్టండి. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు మూడు రోజుల తర్వాత మొదటిదాన్ని మించిన నొప్పి వస్తుంది. అలా వస్తే మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

రూట్ కెనాల్ అయ్యాక నొప్పి ఉండదు కాబట్టి క్యాప్ వాయిదా వేయాలనిపిస్తుంది. వేయకండి. గోడ విరిగిన దవడ పన్ను క్యాప్ లేకపోతే మళ్లీ చీలుతుంది, అప్పుడిక పీకడమే. క్యాప్ వేసేదాకా నేను ఎడమవైపే నమిలాను. ఆవకాయ మానలేదు, టెంక తీసేసి తింటున్నాను. దారం కట్టర్‌కు రిబ్బను కట్టి మెడలో వేసుకుంటున్నాను, నా దగ్గర కుట్టు నేర్చుకునే ఇద్దరు అమ్మాయిలకూ చెరొకటి కొనిచ్చాను.