రెండో ఏడాదిలోనే చేరండి

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నవారు మీ కాలేజీలో ఐ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) విద్యార్థి శాఖ గానీ, 1965లో ఏర్పడిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా శాఖ గానీ ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల ఉంటాయి, కాకపోతే నోటీసు బోర్డు మూలన వెలిసిపోయిన కాగితం తప్ప వాటి జాడ కనిపించదు.

చేరినంత మాత్రాన ఉద్యోగం రాదు. రెజ్యూమేలో ‘సభ్యుడు’ అన్న ఒక్క మాట చూసి ఎవరూ పిలవరు. అసలు లాభం కార్యదర్శి, కోశాధికారి లాంటి చాకిరీ పదవుల్లో ఉంది. వర్క్‌షాపు పెట్టాలంటే ముక్కూమొహం తెలియని ఇంజనీరుకు ఈమెయిల్ రాయాలి. జవాబు రాకపోతే వారం ఆగి, మర్యాదగా మళ్లీ గుర్తు చేయాలి. ప్రొజెక్టర్ పనిచేస్తోందో లేదో ముందురోజే చూసుకోవాలి. ఆయనను స్టేషన్ నుంచి కాలేజీకి తీసుకొచ్చే అరగంటలో, కొత్తగా చేరినవారితో మొదటి నెల ఏ పని చేయిస్తారో అడగండి. వేదిక మీద చెప్పనివి అక్కడ చెబుతారు.

కోడింగ్ మీద మోజుంటే ఐ ట్రిపుల్ ఈ ఎక్స్‌ట్రీమ్ పోటీ ఉంది. ముగ్గురు వరకు జట్టుకట్టి 24 గంటలు ఏకబిగిన లెక్కలు విప్పాలి. తెల్లవారుజామున మూడింటికి ఎవరు నిలబడతారో, ఎవరు నిద్రపోతారో తెలిసిపోతుంది!

అన్నట్టు, ఐ ట్రిపుల్ ఈ సభ్యత్వం డిసెంబరు 31తో ముగుస్తుంది. ఏడాది చివర్లో చేరేవారు కడుతున్న రుసుము ఏ సంవత్సరానికో చూసుకుని కట్టండి.