ప్రాంతీయ వైద్య సేవల కోసం ఆరోగ్య సంస్థలు చేతులు కలపడం ఎలా?

ఆసుపత్రులు కలిసి పనిచేయాలనుకున్నప్పుడు తరచుగా ముందు అవగాహన ఒప్పందం మీద సంతకాలు జరుగుతాయి, ఏం చేయాలన్న ఆలోచన ఆ తరువాత మొదలవుతుంది. ఈ వరుసను తిరగేయాలి. ఆ ప్రాంతంలో రోగులు నష్టపోతున్న ఒకే ఒక్క సమస్యను ముందు ఎంచుకుని, తొలి లక్షణం కనిపించినప్పటి నుంచి చికిత్స ముగించుకుని ఇల్లు చేరేదాకా రోగి ఏయే సంస్థల గడప తొక్కవలసి వస్తోందో, ఎక్కడ ఎంతసేపు ఆగిపోతున్నాడో కాగితం మీద రాసుకోవాలి. ఈ పని అధికారులు మాత్రమే చేస్తే కుదరదు. నర్సులు, అంబులెన్సు సిబ్బంది, ఆ బాధ పడిన రోగులు కూడా కూర్చుంటేనే అసలు జాప్యాలు బయటపడతాయి.

తరువాతిది పనుల పంపకం. అన్ని సేవలూ అన్నిచోట్లా ఉండాలంటే నిపుణులు చాలరు, అన్నిటినీ ఒకేచోట చేరిస్తే దూరమే ప్రాణాల మీదికి తెస్తుంది. మెదడులో రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే ఇవ్వాలి. 2010లో లండన్ ఈ అత్యవసర చికిత్సను 8 ప్రత్యేక కేంద్రాలకు అప్పగించి, పక్షవాత లక్షణాలున్న వారందరినీ అక్కడికే తరలించింది. అదే ఏడాది గ్రేటర్ మాంచెస్టర్ కూడా సేవలను కేంద్రీకరించింది కానీ, లక్షణాలు మొదలై 4 గంటలు దాటని వారినే ప్రత్యేక కేంద్రాలకు పంపింది. లండన్‌లో మరణాలు మిగతా ఇంగ్లండ్‌ను మించి తగ్గగా, మాంచెస్టర్‌లో తొలి దశలో అలాంటి తేడా కనిపించలేదు. తరలింపు నియమానికి మినహాయింపులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం. అర్ధరాత్రి అంబులెన్సులో ఉన్నవారికి షరతుల జాబితా చదివే తీరిక ఉండదు.

రోగిని కదిలించనక్కరలేని జబ్బులకు నైపుణ్యాన్నే పంపవచ్చు. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో 2003లో మొదలైన ప్రాజెక్ట్ ఎకోలో నిపుణులు వీడియో సమావేశాల ద్వారా దూర ప్రాంతాల వైద్యులతో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి కేసులను చర్చించేవారు. ఆ వైద్యుల చికిత్స ఫలితాలు విశ్వవిద్యాలయ క్లినిక్ ఫలితాలకు తీసిపోలేదని 2011లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఇప్పుడు ఒప్పందం రాయవచ్చు. రిఫర్ చేసిన రోగిని చేర్చుకునే బాధ్యత ఎవరిది, పడకలు నిండితే ప్రత్యామ్నాయం ఏమిటి, తరలింపు ఖర్చు ఎవరు భరిస్తారు, రోగి వివరాలను ఏ అనుమతితో పంచుకుంటారు అన్నవి స్పష్టంగా ఉండాలి. డబ్బు సంగతి మొహమాటపడి దాటవేయకూడదు: రోగులను వదులుకునే ఆసుపత్రి ఆదాయమూ వదులుకుంటుంది కనుక, ఆ లోటును పూడ్చే ఏర్పాటు లేకపోతే రిఫరళ్లు నెమ్మదిగా ఆగిపోతాయి. పెద్దాసుపత్రి నుంచి తిరిగి పంపేటప్పుడు ఇచ్చిన మందులు, తదుపరి పరీక్ష తేదీ తెలిపే ఉత్తరం స్థానిక వైద్యుడికి చేరాలన్న నిబంధనను కూడా తప్పక చేర్చాలి, ఎందుకంటే ఎక్కువగా తెగిపోయే లంకె అదే.

పని మొదలుపెట్టే ముందే అప్పటి స్థితిని కొలిచి పెట్టుకోవాలి. లేకపోతే తరువాత వచ్చిన మార్పును పోల్చడానికి ఆధారం ఉండదు. జరిగిన సమావేశాలను కాక, చికిత్స అందడానికి పట్టిన సమయాన్ని, మధ్యలోనే మానేసిన రోగుల సంఖ్యను లెక్కించాలి. ఏదైనా సంస్థ తప్పుకోదలిస్తే ఎంత ముందుగా తెలియజేయాలో, అప్పటికే చికిత్సలో ఉన్నవారిని ఎవరు చూసుకుంటారో కూడా ఆ ఒప్పందంలోనే రాసుకోవాలి.