ఫ్యూచరామా కొత్తవాళ్ళకి అలవాటు చెయ్యడం ఎలా? మూడో పాఠం: మొదట ఏ ఎపిసోడ్ పెట్టాలి

ఫ్యూచరామా అంటే వెయ్యేళ్ళ తర్వాతి లోకంలో నడిచే అమెరికా కామెడీ కార్టూన్ సీరియల్. పోయిన పాఠంలో ఒక పని చెప్పాను గుర్తుందా, మీరు చూపించాలనుకున్న మనిషి టీవీ ముందు కూర్చుంటే దేనికి నవ్వుతారు, దేనికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు, ఒక వారం ఊరికే గమనించమన్నాను. చెయ్యకపోతే ముందు అది చేసి రండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మాది ఒడిశాలో పర్లాకిమిడి, సెలవలకి మా పిన్ని కూతురు వచ్చింది, ఇంటరు చదువుతోంది, కార్టూన్లంటే ఇష్టమే, సరే నాకు అన్నిటికంటే నచ్చింది చూపించేస్తే పడిపోతుంది కదా అని ఏకంగా 'జురాసిక్ బార్క్' పెట్టేశాను. అదే, సీరియల్ హీరో ఫ్రై పెంచుకున్న కుక్క కథ, 2002లో వచ్చింది. చివరి రెండు నిమిషాలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పకూడదు. ఎపిసోడ్ అయ్యాక పక్కకి చూస్తే చెల్లి ఫోన్లో ఏదో టైపు చేసుకుంటోంది, ఏడ్చింది నేనొక్కణ్ణే. "కామెడీ అన్నావు కదా అన్నయ్యా" అంది, అంతే.

తప్పు చెల్లిది కాదు. ఫ్రై ఎవరో దానికి తెలీదు. 1999 డిసెంబరు 31 రాత్రి పిజ్జా ఇవ్వడానికి వెళ్ళి పొరపాటున ఫ్రీజర్‌లో పడి వెయ్యేళ్ళు గడ్డకట్టి, 2999 చివర్లో లేచిన కుర్రాడు, తనవాళ్ళంతా పోయారు, అయినా రోజూ నవ్వుతూనే తిరుగుతాడు. అలా వాడితో ఒక పది పదిహేను ఎపిసోడ్లు తిరిగాక కదా వాడి కుక్క మీద మనకి ప్రేమొచ్చేది. అసలు వెయ్యకుండా వడ్డీ అడిగినట్టు చేశాను నేను. కాబట్టి ఇది బాగా రాసి పెట్టుకోండి: మనకి బాగా నచ్చిన ఎపిసోడ్ వేరు, కొత్తవాళ్ళకి మొదట పెట్టాల్సిన ఎపిసోడ్ వేరు, నూటికి తొంభైసార్లు రెండూ ఒకటి కావు.

మరి ఏది పెట్టాలి అంటే, ఆ మనిషి దగ్గర ఆల్రెడీ ఉన్న సరుకు ఏంటో చూసి దానికి తగిలేది పెట్టాలి.

మా బావ సంగతి చూడండి. గుణుపూర్‌లో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు, బొమ్మల సినిమా అంటేనే చిన్నపిల్లల వ్యవహారం అంటాడు. ఆయనకి 1999లో వచ్చిన 'ఎ ఫిష్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' పెట్టాను. అందులో ఫ్రై తన పాత బ్యాంకుకి వెళ్తాడు, ఖాతాలో 93 సెంట్లు ఉంటాయి, అంటే డాలరు కూడా లేదు, ఏడాదికి రెండుంపావు శాతం వడ్డీ, వెయ్యేళ్ళు, మొత్తం 430 కోట్ల డాలర్లు అయ్యిందని చెప్తారు. అక్కడ బావ "ఆపు ఆపు" అన్నాడు. ఫోన్ అడ్డంగా తిప్పి క్యాలిక్యులేటర్ తీసి 1.0225 కొట్టి, పవర్ 1000 పెట్టి, వచ్చినదాన్ని 0.93తో గుణించాడు. 428 కోట్ల చిల్లర వచ్చింది. కాసేపు దాన్నే చూసి, "పైన రెండు కోట్లు రౌండ్ చేసినారు గానీ లెక్క కరెక్టేరా, ఎవుడో చదువుకున్నోడే రాసినాడు" అన్నాడు, ఆ తర్వాత మళ్ళీ ఆపమనలేదు. నిజంగానే చదువుకున్నవాళ్ళే, ఆ రచయితల్లో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ఉన్నారు, లెక్కల్లో పీహెచ్‌డీ చేసిన కెన్ కీలర్ అయితే 2010 నాటి 'ద ప్రిజనర్ ఆఫ్ బెండా' ఎపిసోడ్ కోసం కొత్తగా ఒక సిద్ధాంతమే నిరూపించాడు, కానీ అది బావకి చెప్పలేదు, ఒకేసారి అన్నీ కుమ్మరించకూడదు.

అదే ఎపిసోడ్లో ఇంకోటి ఉంది. ఆ డబ్బుతో ఫ్రై వేలంపాటలో ఒక చేపల డబ్బా కొంటాడు, ప్రపంచంలో అదే ఆఖరిది, ఆ చేపలు ఎప్పుడో అంతరించిపోయాయి. సబ్‌టైటిల్‌లో యాంకోవీస్ అని పడుతుంది. అవేవో ఫారిన్ చేపలని బావ పట్టించుకోలేదు, "నెత్తళ్ళు బావా" అన్నాను. "నెత్తళ్ళా! నెత్తళ్ళకి వేలంపాటా?" సంతలో ఎండు నెత్తళ్ళు దోసిళ్ళతో కొలిపించుకునే మనిషికి అంతకంటే పెద్ద జోకు ఏముంటుంది. ఇక్కడ మీరు నేర్చుకోవాల్సింది ఆ ఒక్క మాటే, ఎపిసోడ్ మొత్తానికి నేను నోరు తెరిచింది అప్పుడొక్కసారే. ఒక్క పదం మన వాడుక పదంలోకి మార్చి ఇస్తే చాలు, పక్కన కూర్చుని కామెంటరీ చెప్పకండి, దయచేసి.

ఇంకో రకం మనుషులు ఉంటారు, మా మావయ్య లాంటివాళ్ళు, పెళ్ళికి వెళ్తే ఎవరు ఎవరికి ఏ వరస అవుతారో తేల్చందే అన్నం ముట్టరు. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో ఒకే మనిషి ఒక వైపు నుంచి బావ, ఇంకో వైపు నుంచి బాబాయి అవుతాడు కదా, ఆ లెక్కలు ఆయనకి నోటికొచ్చు. ఆయనకి 'రోస్వెల్ దట్ ఎండ్స్ వెల్' పెట్టాను. 2001లో వచ్చింది, మరుసటేడు ఎమ్మీ అనే టీవీ అవార్డు కూడా కొట్టింది. పాఠం కాబట్టి కథ బయటపెట్టక తప్పదు: ఫ్రై, వాడి తోటివాళ్ళంతా 1947కి వెళ్ళిపోతారు, చివరికి ఫ్రై తనకి తనే తాత అవుతాడు. మావయ్య అది విని ఒక్క క్షణం ఆగి, "అయితే ఈడి బాబు ఈడికి కొడుకేటి?" అన్నాడు, ఇక ఆ సాయంత్రమంతా దాని మీదే చర్చ, అత్తయ్య వచ్చి తిట్టేదాకా. (ఆ తాతయ్యే సీను పెద్దవాళ్ళ ముందు కొంచెం ఇబ్బందే, ఆ టైముకి మంచినీళ్ళకి లేవండి.) పైగా ముందు కథ ఏమీ తెలియక్కర్లేదు. బెండర్ అనేవాడు రోబో, జోయిడ్‌బర్గ్ అనేవాడు పీతలాంటి డాక్టరు, లీలాకి ఒకటే కన్ను, ఈ మూడు ముక్కలు చెప్తే బండి నడుస్తుంది.

సీరియల్స్ చూసే అత్తయ్యలాంటివాళ్ళకి మాత్రం మొదటి నుంచే, 'స్పేస్ పైలట్ 3000' నుంచే. ఎవరు ఎవరో తెలీకపోతే వాళ్ళకి నిద్ర పట్టదు. దేవుడి మీద వాదించేవాళ్ళకి 'గాడ్‌ఫెల్లాస్', కానీ అది ఒక నాలుగైదు చూశాక, బెండర్ ఎంత స్వార్థపరుడో తెలిశాకే వాడు దేవుడైతే తమాషా. ఇంజనీరింగ్ కుర్రాళ్ళకైతే 1729 చాలు, అంతరిక్ష నౌక నింబస్ నంబరు దగ్గర నుంచి అక్కడక్కడ కనపడుతుంది, రామానుజన్ టాక్సీ నంబరు అది, వాళ్ళే వెతుక్కుంటారు.

ఇప్పుడు అందరూ జారిపడే చోటు. ఎపిసోడ్ నంబరు చెప్పకండి, పేరు చెప్పండి. మొదటి విడత 72 ఎపిసోడ్లు 1999 మార్చి నుంచి 2003 ఆగస్టు దాకా వచ్చాయి, అయితే తయారైన వరసలో టీవీలో వెయ్యలేదు, అందుకని తయారీ లెక్కలో 4 సీజన్లు, ప్రసారం లెక్కలో 5. ఇందాకటి రోస్వెల్‌దే చూడండి, ఒక లెక్కలో మూడో సీజన్లో 19వది, ఇంకో లెక్కలో నాలుగో సీజన్లో మొదటిది. బరంపురంలో ఉన్న ఫ్రెండుకి "నాలుగో సీజన్ ఫస్ట్‌ది చూడు, టైం ట్రావెల్" అని చెప్పాను, వాడి దగ్గరున్నది తయారీ లెక్క, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఎవడో ఆకుపచ్చ మగాడికి కడుపొచ్చింది, టైం ట్రావెల్ ఏదిరా" అన్నాడు. ఆ ఆకుపచ్చవాడి పేరు కిఫ్, వాడి ఎపిసోడ్ తగిలిందన్నమాట. ఆ తర్వాత 2007 నుంచి నాలుగు సినిమాలు, 2010 నుంచి 2013, మళ్ళీ 2023, ఇలా ఆగి ఆగి రావడంతో నంబర్లు ఇంకా గందరగోళం.

ఒక చిన్న కిటుకు మన వైపు వాళ్ళకి బాగా పనిచేస్తుంది. సీన్ల వెనక గోడల మీద, బోర్డుల మీద పిచ్చి గీతల్లాంటి గ్రహాంతర లిపి ఉంటుంది, అది ఉత్త డెకరేషన్ కాదు, ఒక్కో గుర్తుకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం. అభిమానులు త్వరగానే విప్పేశారు, దాంతో తీసినవాళ్ళు ఇంకా కష్టమైన రెండో లిపి పెట్టారు. నేను ఒడియా బడికి వెళ్ళి నేర్చుకోలేదు, బజార్లో తెలిసిన కొట్టు పేరు పైన ఇంగ్లీషులో, కింద ఒడియాలో ఉంటే రెండూ పోల్చుకుని ఒక్కో గుండ్రటి అక్షరం పట్టుకున్నాను, ఆ లిపి విప్పినవాళ్ళు చేసింది కూడా దాదాపు అదే. ఈ మాట చెప్పాకే చెల్లి ఫోన్ పక్కన పెట్టింది. ఇప్పుడు పాజ్ కొట్టి గోడలు చదువుతోంది.

ఈ వారం పని: ముగ్గురు మనుషుల పేర్లు రాయండి, ఒక్కొక్కరి ఎదురుగా ఒక ఎపిసోడ్ పేరు, దాని కింద ప్లే నొక్కే ముందు చెప్పాల్సిన మూడు ముక్కలు, ఎక్కడో ఒకచోట వాడాల్సిన ఒక్క తెలుగు మాట. 'జురాసిక్ బార్క్' ఎవరి ఎదురుగానూ రాయకండి. చెల్లికి పదకొండు ఎపిసోడ్లు అయ్యాయి, నేనే ఇంకా ధైర్యం చెయ్యలేదు.