హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క మీరే వేసుకోవచ్చు

గోడమీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి గీస్తే ఈ దారి ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ గీతను నమ్మకండి. గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి సాగి, సైబీరియా దాటి, ధ్రువానికి సుమారు 500 కి.మీ. దూరంలో నుంచి కెనడా మీదుగా దిగుతుంది.

కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శంషాబాద్ విమానాశ్రయం మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, డల్లాస్ విమానాశ్రయం మీద నొక్కండి. సుమారు 14,400 కి.మీ. వస్తుంది.

ఎక్సెల్‌లో చేయాలంటే శంషాబాద్ అక్షాంశం 17.24 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 78.43 డిగ్రీల తూర్పు, డల్లాస్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధానికి, రెండు అక్షాంశాల కొసైన్‌లను రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించి కలపాలి. వచ్చిన విలువకు ఆర్క్ కొసైన్ తీస్తే కోణం 129.7 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున గుణిస్తే దూరం తేలుతుంది. ఎక్సెల్ కోణాలను డిగ్రీల్లో కాక రేడియన్లలో (కోణాలకు మరో కొలత) అడుగుతుంది, మార్చకపోతే అర్థంలేని అంకె వస్తుంది. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోతే దూరం 2,550 కి.మీ.కు పడిపోతుంది. అప్పుడు డల్లాస్ చైనాలో ఉన్నట్టే!

ఈ దారిన నేరు విమానం లేదు కాబట్టి అసలు లెక్క మజిలీల వారీగా వేయాలి. దుబాయ్ మీదుగా అయితే 2,550 కి.మీ., ఆపై 12,900 కి.మీ. వెరసి 15,450. అంటే చుట్టు వెయ్యి కి.మీ. పైచిలుకే.

గంటల కోసం ఒక్కో మజిలీ దూరాన్ని 850తో (విమానం గంటకు పోయే సుమారు కి.మీ.) భాగించి, విమానం రన్‌వే దాకా నేల మీద సాగడం, పైకి లేవడం, దిగడం కోసం అరగంట కలపండి. దుబాయ్–డల్లాస్‌కు 15 గంటల 40 నిమిషాలు వస్తుంది. టికెట్ మీద దాదాపు 16 ఉంటుంది. చిన్న మజిలీకి తేడా ఎక్కువే: లెక్కకు మూడున్నర, టికెట్‌లో సుమారు 4 గంటలు. ఆలస్యాలకు ఎయిర్‌లైన్లు కొంత వెసులుబాటు పెట్టుకుంటాయి. పైగా పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే పై గాలి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. చలికాలంలో అది మరీ బలం. యుద్ధాలూ దారి మారుస్తాయి: 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా ఎయిర్‌లైన్లకు, చాలా యూరప్ ఎయిర్‌లైన్లకు మూసే ఉంది. మ్యాప్స్ చూపే దగ్గరి దారి వాటికి పనికిరాదు.

ఎక్కువమంది తడబడేది గడియారం దగ్గరే. టికెట్‌లో ప్రతి సమయమూ అక్కడి స్థానిక సమయమే. జులైలో తెల్లవారుజామున 4:30కి బయలుదేరి, 4 గంటలు ఎగిరి, దుబాయ్‌లో రెండున్నర గంటలు ఆగి, మరో 16 గంటలు ఎగిరితే డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4:30. చూడటానికి 12 గంటలే. డల్లాస్ గడియారం మనకన్నా 10:30 గంటలు వెనక, ఆ తేడా కలిపితే అసలు ప్రయాణం 22:30 గంటలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఆ తేడా 11:30 అవుతుంది, అదే ప్రయాణానికి అక్కడ 3:30కే దిగుతారు.

దారిలో వేరే అమెరికా నగరంలో విమానం మారాల్సి ఉంటే సాధారణంగా ఇమిగ్రేషన్ అక్కడే. సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ ఆగడానికి మూడు గంటలకు తక్కువ పెట్టుకోకండి.